మావయ్య పెట్టెలు, మా బాబాయి పత్తి

ఆ రోజుల్లో పాటలన్నీ సెల్‌ఫోన్లలోకి కాపురం మార్చేశాయి. గోరంత కార్డులో వెయ్యి పాటలు ఎక్కించుకుని, వాటిని ఫోను వెనక ఉన్న నాలుగు చిల్లుల్లోంచి దోమ పాడినట్టు పాడించుకుంటూ, ఇంతకంటే సుఖం ఇంకేముంటుందని జనమంతా మురిసిపోతున్న కాలం. నేనూ ఆ మురిసేవాళ్ళలో ఒకదాన్నే. నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా కొత్తగా చేరాను. ధ్వని పాఠం వచ్చినప్పుడు బోర్డు నిండా అలలు గీసి, శబ్దం అంటే గాలి కదలడమే, అంతకుమించి ఏమీ లేదని పిల్లలకు మహా ధీమాగా చెప్పేదాన్ని. ఆ కదిలే గాలి తనతోపాటు ఏమేం మోసుకొస్తుందో నాకు అప్పటికి తెలియదు. (తెలిసిన రోజున జగ్గయ్యపేటలో ఒక ఇంటి ముందు దారిన పోయేవాళ్ళు కూడా ఆగి తుమ్మారు. ఆ సంగతికే వస్తున్నాను.)

ఇప్పుడు మా ఇంటికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి గదిలోకి అడుగు పెట్టగానే మోకాలు ఏదో ఒక స్పీకరు పెట్టెకు కొట్టుకోవాల్సిందే. మూలకొకటి, మంచం కిందొకటి, పేరు తెలియనివి, ఊరు తెలియనివి, ఎవరో పారేస్తుంటే నేను ఆటోలో ఎక్కించుకొచ్చినవి. వాటికి గొంతు తెప్పించి, కొత్త పెట్టెలు కట్టి, నున్నగా తుడిచి, సాయంత్రాలు వాటి ముందు కళ్ళు మూసుకుని కూర్చోవడం నా వ్యసనం. ఊళ్ళో నన్ను ‘డబ్బాల మేడం’ అంటారని నాకు తెలియదని అందరూ అనుకుంటారు. ఈ పిచ్చి నీకెక్కడ తగులుకుంది తల్లీ అని అడిగిన ప్రతివాళ్ళకూ ఇప్పుడు మీకు చెప్పబోయే కథే చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, స్టాఫ్‌రూములో చెప్పాను, బస్సులో పక్క సీటు వాళ్ళకు చెప్పాను. ఇన్నేళ్ళూ దాన్ని తప్పుగా చెప్పానని మొన్ననే తెలిసింది.

మావయ్య అంటే మా అమ్మకు అన్నయ్య. జగ్గయ్యపేటలో ఉంటాడు. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరుగా పనిచేసి అప్పటికి రెండేళ్ళ కిందటే రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళపాటు చీటీ రాసిస్తే తప్ప బోల్టు కూడా బయటికి ఇవ్వని ఉద్యోగం కావడంవల్లనో ఏమో, మాటలు కూడా ఎవరైనా చీటీ పట్టుకొస్తేగానీ ఇచ్చేవాడు కాదు. ఆయన పడుచుతనంలో పాత ఇల్లు పడగొట్టినప్పుడు అన్నదమ్ములు ఇత్తడి గంగాళాలు, ఉయ్యాల బల్ల పంచుకుంటుంటే ఈయన మాత్రం వీధి తలుపులు రెండూ ఇమ్మన్నాడట. నిండు టేకు తలుపులు. కొత్తింటికి పెట్టుకుంటాడు కాబోలని అందరూ సరేనన్నారు. ఈయన వాటిని తెచ్చి, కొలతలు గీసి, స్వయంగా కోసి, నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు కట్టుకున్నాడు. ఒక పెట్టెకు పక్కన గొళ్ళెం ఉండిన చిల్లు కూడా కనిపిస్తుంది, దాన్ని చెక్కముక్కతో పూడ్చాడు. ఫ్యాక్టరీ నుంచి ఒళ్ళంతా బూడిదతో వచ్చి, నీళ్ళు పోసుకుని, ఆ రెండు పెట్టెల ఎదురుగా పేము కుర్చీలో కూర్చుని పాట వింటేగానీ ఆయనకు రోజు అయినట్టు కాదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు నేను ఆ కుర్చీ పక్కన నేల మీద పడుకుని వినేదాన్ని. డోలు మోగితే ఆ మోత నేలలోంచి నా వీపులోకి పాకేది. ఆ తరవాత ఎన్ని పాటలు విన్నా నా వీపుకు ఒక్కటీ తగల్లేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ పెట్టెలు మూగబోయి ఏడేళ్ళయింది. మొదట గరగరమన్నాయట, తరవాత చిరిగిన గుడ్డలా పలికాయట, ఆఖరికి మావయ్యే వైర్లు పీకేశాడు. అప్పటినుంచీ ముందుగదిలో కూర్చోవడం మానేసి పెరటి వసారాలో గోడను చూస్తూ కూర్చునేవాడు. పెట్టెలు మాత్రం ఉద్యోగం మారాయి. ఒకదాని మీద మిక్సీ, ఇంకోదాని మీద ఆవకాయ జాడీలు. నేను ఒక ఆదివారం భోజనానికి వెళితే అత్తయ్య ఆ విషయం మీదే ఉంది.

“ఏమే అమ్మాయ్, ఇల్లంతా టైల్స్ వేయిస్తన్నా. పనికిరానియ్యన్నీ బయటికే. వడ్రంగి మేస్త్రికి చెప్పా, ఈ రెండు డబ్బాలూ కోసి ఒకటి మిక్సీ స్టాండు, ఒకటి చెప్పుల స్టాండు చెయ్యమని. పలకని వస్తువు ఇంట్లో ఒకటుంటే చాలు నాకు,” అంది, పెరటి వైపు ఓరగా చూస్తూ.

పెరట్లోంచి మావయ్య లేచి వచ్చాడు. మిక్సీని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టి, పెట్టె ముందున్న గుడ్డ తెర ఊడదీశాడు. లోపల అన్నం పళ్ళెమంత నల్లటి కాగితపు గరాటు. దాని అంచు చుట్టూ స్పాంజి రింగు ఉంటుంది, గరాటును బయటి చట్రానికి కలిపి పట్టుకునేది అదే. మావయ్య దాన్ని వేలితో ముట్టుకున్నాడు. నానిన మరమరాల్లా నలిగి వేలికి అంటుకుంది. ఆ వేలిని నాకు చూపించి, “ఇదొక్కటేనే. మిగతాదంతా బాగానే ఉంది,” అని మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క వాక్యం ఆయనకు వారం రోజుల మాటలతో సమానం. ఆ వెళ్ళిన తీరు చూశాక నోరు నా మాట వినలేదు.

“నేను బాగుచేస్తా మావయ్యా!”

“నువ్వా? నీకు ఫ్యూజు వెయ్యడం వచ్చా?” అంది అత్తయ్య.

“నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ అత్తయ్యా.”

“అందుకే అడుగుతన్నా, ఫ్యూజు వెయ్యడం వచ్చా అని.”

రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా బేరం కుదిరింది. మూడో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మేస్త్రి రంపంతో వస్తాడు, ఈలోగా పెట్టెలు పలికితే ఉంటాయి, పలకకపోతే చెప్పుల స్టాండే. మావయ్య ఎప్పుడు విన్నాడో, నేను బయలుదేరేసరికి రెండు స్పీకర్లూ పెట్టెల్లోంచి విప్పి, ఒక్కోదాన్నీ ఒక్కో పాత తువ్వాలులో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి, నా చేతికిచ్చి, “బస్సులో జాగ్రత్త,” అన్నాడు. నాకా, వాటికా అని అడగలేదు.

వాటి వెనక ఒక్కోదానికి పచ్చడి బండంత అయస్కాంతం ఉంటుంది. ఆ సంగతి పాఠంలో ఉంది, బస్సెక్కిన నా బుర్రలో లేదు. నందిగామ బస్సులో ఒళ్ళో రెండు మూటలు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ, బొడ్లో ఇంటి తాళాలు మొత్తం గుత్తిగా దోపుకుని, కునికిపాట్లు పడుతోంది. హైవే మీద బస్సు ఒక్క కుదుపు కుదిపింది. తాళాల గుత్తి టక్కున వచ్చి నా మూటకు కరుచుకుంది.

“ఏందమ్మా ఇది! నా తాళాలు లాగుతున్నావేంది?”

“నేను లాగలేదండీ, అయస్కాంతం.”

“అయస్కాంతమో గియస్కాంతమో, ఒళ్ళో పెట్టుకుని తిరుగుతావా ఆడపిల్లవి? ఏవయ్యా కండక్టరూ, ఇట్టా రా!”

కండక్టరు వచ్చి తాళాలు పీకబోయాడు. ఆయన చేతి వాచీ ఆగిపోయింది. (ఆ తరవాత ఆరు నెలలు ఆ కండక్టరు నా చేతిలో సంచి చూస్తే చాలు, ముందు తన చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు.) అనాసాగరం దాటేదాకా బస్సు బస్సంతా నాకు అయస్కాంతం గురించి చెప్పింది. నేను ఫిజిక్స్ లెక్చరర్‌నని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నందిగామలో నా అద్దె గదిలో వాటిని మంచం మీద పడుకోబెట్టి చూస్తే భయం వేసింది. ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, ఎవరో ఏ దేశంలోనో ఇలాంటి పాత స్పీకర్లు బాగుచేసుకుంటూ రాసుకున్న కాగితాలు ముప్పై పేజీలు ప్రింటు తీయించుకుని, తలగడ పక్కన పెట్టుకుని చదివాను. బెజవాడ వెళ్ళి స్పేర్ పార్టుల కొట్లన్నీ తిరిగి స్పాంజి రింగులు తెచ్చాను. మొదటి జత చిన్నవి. రెండో జత సరిపోయాయి, కానీ ఒకదాన్ని తిరగేసి అంటించాను. మళ్ళీ వెళ్ళాను. అసలు కష్టం అంటించడంలో లేదు. గరాటు అడుగున సన్నటి రాగి తీగచుట్ట ఒకటి అయస్కాంతం సందులో ఎటూ తగలకుండా ఊగాలి. కాస్త పక్కకు ఒరిగినా గరగరలాడుతుంది. సందులో సమానంగా పలచటి కాగితాలు దూర్చి, అంటించాక తీసెయ్యమని ఆ ప్రింటులో ఉంది. ఎంత పలచటివో కొలిచే సాధనం నా దగ్గర లేదు. ఒక్కొక్క కాగితమే దూర్చి చూడగా చూడగా కచ్చితంగా సరిపోయినవి బస్సు టిక్కెట్లు. నందిగామ, జగ్గయ్యపేట, బెజవాడల మధ్య నేను తిరిగిన టిక్కెట్లన్నీ ఆ విధంగా అక్కరకొచ్చాయి.

రెండో శనివారం సాయంత్రం, ఎండ కిటికీలోంచి మంచం మీదకు పాకుతున్నప్పుడు, జిగురు ఆరిన స్పీకరుకు టార్చిలైటు బ్యాటరీ ఒకటి తగిలించాను. గరాటు ఒక్కసారి ముందుకు ఊపిరి తీసుకుని ‘టప్’మంది. నేను ఉలిక్కిపడి బ్యాటరీ వదిలేశాను. మళ్ళీ తగిలించాను. టప్. ఎంతసేపు ఆ టప్ టప్ వింటూ కూర్చున్నానో తెలియదు. ఏడేళ్ళుగా మాట పడిపోయిన మనిషి మంచంలో కదిలి నా వేలు పట్టుకున్నట్టుంది. అంత సంతోషం నాకు ఎమ్మెస్సీ పాసైనప్పుడు కూడా కలగలేదు. (నాకొచ్చిన మార్కులు తెలిసినవాళ్ళు దీన్ని పెద్ద పొగడ్తగా తీసుకోరు.)

ఇక పెట్టెల సంగతి. లోపల గోడలకు గొర్రె ఉన్ని పరచాలి, అప్పుడే మోత గుండ్రంగా వస్తుందని ఆ ప్రింటులో రాసి ఉంది. నందిగామలో గొర్రెలు కావలసినన్ని ఉన్నాయి, వాటి ఉన్ని అడిగే ధైర్యం నాకు లేదు. అయితే చుట్టుపక్కల ఎటు చూసినా పత్తి. పత్తి లారీలు వెళ్ళిన రోజున హైవే పక్క తుమ్మచెట్లన్నీ తెల్లగా పూసినట్టుండేవి. పరాయి దేశం వాడికి గొర్రె ఎలాగో మనకు పత్తి అలాగ అని సొంతంగా సిద్ధాంతం చేసుకుని, చెవిటికల్లులో వ్యవసాయం చేసే మా బాబాయికి ఫోను చేశాను.

“బాబాయ్, నాకు పత్తి కావాలి.”

“ఎన్ని క్వింటాళ్ళే?”

“రెండు పెట్టెల్లోకి.”

“పెట్టెల్లోకా?” అని కాసేపు ఆలోచించి, “ఆడపిల్లవి, ఒక్కదానివే ఉంటన్నావ్. ఆరోగ్యం బాగానే ఉందిగా?” అని, మరునాడే ఒక గోనెసంచెడు పత్తి కంచికచర్లలో బస్సెక్కించి పంపాడు. చేలోంచి తీసింది తీసినట్టే, గింజలతో సహా. పరుపుల కొట్టుకు వెళితే శుభ్రమైన దూది దొరుకుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. నాలుగు రోజులు కాలేజీ నుంచి రాగానే కూర్చుని ఒక్కో గింజా ఒలిచాను. ఆ నాలుగు రోజులూ తుమ్ములే తుమ్ములు. జలుబు చేసిందనుకుని మాత్రలు మింగాను. సంచి అడుగున ఎర్రటి పొడి కనిపిస్తే చేలో మట్టి అనుకున్నాను. మా బాబాయి పత్తితోపాటు ఇంకేం పండిస్తాడో నాకు తెలుసు, ఏటా ఆ పంటతోనే మా ఇంట్లో పచ్చళ్ళు పెట్టేది. అయినా ఆ గోనెలో అంతకుముందు ఏమున్నదో అడగాలని తోచలేదు. మీకు ఇప్పటికే తోచింది కదూ? మీరు ఫిజిక్స్ చదవలేదు కాబోలు.

గింజలు తీసేశాక సంచెడు పత్తి కాస్తా పిడికెడు అయినట్టయింది. ఒక పెట్టెకు సరిపోయింది. రెండోదానికి ఏం చెయ్యాలో తెలియక, టైము లేక, నా తలగడే తీసుకున్నాను. దాని గలీబు మీద తొమ్మిదో తరగతిలో నేను కుట్టిన చిలక ఉండేది. (చూసినవాళ్ళు కోడిపెట్ట అనేవారు.) శనివారం మధ్యాహ్నం జగ్గయ్యపేట చేరి, వాకిలి పక్క పెట్టెలో బాబాయి పత్తి, గోడ పక్క పెట్టెలో గలీబుతో సహా నా తలగడ సర్ది, స్పీకర్లు బిగించి, వెనక చెక్కలు మూసేశాను. మావయ్య వచ్చి తన పేము కుర్చీ తెచ్చుకుని గోడ పక్కన, ఆ రెండో పెట్టెకు చేరువలో వేసుకున్నాడు. ఏడేళ్ళ తరవాత ముందుగదిలో కుర్చీ వెయ్యడం అదే మొదలు. దానికి నేల తుడిచి మరీ వేశాడు.

ఆదివారం తొమ్మిదికి మేస్త్రి రంపంతో, ఉలితో, అన్నిటికీ సిద్ధపడి వచ్చాడు. వాకిట్లో కూర్చుని అక్కడి పెట్టెను వేలి కణుపుతో కొట్టి చూశాడు.

“పాత టేకండీ అమ్మగారూ. ఇట్టాంటిది ఇప్పుడు దొరకదు. దీన్ని కొయ్యాలంటే చెయ్యి రాదు.”

“చెయ్యి రాకపోతే కాలితో కొయ్యి,” అంది అత్తయ్య. ఆవిడ వాకిలి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఉప్పు అడగడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు అసలు పని మరిచిపోయి ఆవిడ వెనక నిలబడింది. నేను టేపురికార్డరు, దానికి తగిలించిన ఆంప్లిఫయరు దగ్గర నేల మీద కూర్చున్నాను. మీట నొక్కబోయాను, కరెంటు పోయింది. మేస్త్రి రంపానికి పదును పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గరుక్, గరుక్ అని ఆ ముప్పావు గంటలో విన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మావయ్య మాత్రం కదల్లేదు. ఒక చెయ్యి పెట్టె మీద, గొళ్ళెం చిల్లు పూడ్చిన ముక్క మీద వేసి, అలాగే కూర్చున్నాడు.

కరెంటు వచ్చింది. మావయ్య తీసి ఉంచిన పాత క్యాసెట్టే వేశాను. మొదట చినుకు రాలినట్టు చిన్న సరసర. తరవాత వీణ, ఒంటరిగా, రెండు మూడు మెట్లు. ఆ వెంటనే ఒక ఆడగొంతు. ఆ గొంతు ఈ పెట్టెలోంచీ రాలేదు, ఆ పెట్టెలోంచీ రాలేదు. రెండింటి మధ్య ఉత్త గోడ ముందు, ఎవరో స్నానం చేసి తడి జుట్టుతో వచ్చి నిలబడి పాడుతున్నట్టు వినిపించింది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. పొద్దుటి ఎండ వాకిట్లోంచి ఏటవాలుగా పడి గదంతా పసుపు రంగులో ఉంది. రంపం ఆగింది. మేస్త్రి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను అన్నీ మరిచిపోయి నేల మీద వెల్లకిలా పడుకున్నాను, ఎమ్మెస్సీ అని కూడా చూసుకోకుండా. తల తిప్పి చూస్తే మావయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అద్దుకుంటున్నాడు.

అప్పుడు పాటలో డోలు వచ్చింది.

డోలు పడిన ప్రతి దెబ్బకూ ఆ పెట్టెల ముందు ఉన్న గాలి గొట్టంలోంచి ‘ఉఫ్’మని గాలి బయటికి వస్తుంది. అది పద్ధతే, మోత కోసం అలాగే కడతారు. వాకిలి పక్క పెట్టెలోంచి మాత్రం ఆ గాలితోపాటు ఎర్రటి పొగలాంటిది వచ్చింది. ఒక దెబ్బ, ఒక ఉఫ్. ఎండలో ఆ పొడి బంగారంలా మెరుస్తూ, చుట్టలు చుట్టుకుంటూ, తాళం తప్పకుండా గదిలోకి వ్యాపించింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. శబ్దం అంటే గాలి కదలడమేనని నేను చెప్పిన పాఠం కంటికి కనిపిస్తున్నదని పరవశించాను. ఆ పరవశం నాలుగు దెబ్బల వరకు.

మొదట మేస్త్రి తుమ్మాడు. రంపం జారి కిందపడింది. తరవాత పిన్నిగారు. తరవాత అత్తయ్య, వరసగా పదకొండు. నేను నేల మీద పడుకుని ఉన్నందువల్ల నాకు కాస్త ఆలస్యంగా, మరింత గట్టిగా తగిలింది. కళ్ళు భగ్గుమన్నాయి. “ఓర్నాయనో, మిరగ్గాయ ఘాటే!” అని మేస్త్రి అరిచాడు. “గోనె! బాబాయి గోనె!” అని నేను అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. పాట మాత్రం మంచి పట్టులో ఉంది, డోలు ఆగదు, ఉఫ్ ఆగదు. ఆపుదామంటే నాకు మీట కనపడదు. వీధిలో సైకిలు మీద వెళుతున్నవాడు దిగి తుమ్మి మళ్ళీ ఎక్కాడు.

ఆ గందరగోళంలో ఎప్పుడూ వినని చప్పుడొకటి వినపడింది. మావయ్య నవ్వుతున్నాడు. తువ్వాలు ముఖానికి ఒత్తుకుని, “కారం... కారం...” అంటూ, కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతుంటే, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మూడు వారాల కష్టం, మావయ్యకు ఇచ్చిన మాట, ఫిజిక్స్ పరువు, అన్నీ ఆ ఎర్రటి పొడిలో కలిసిపోయాయనుకున్నాను.

అత్తయ్య కొంగుతో ముక్కు మూసుకుని మావయ్య వైపు చాలాసేపు చూసింది. తరవాత మేస్త్రి వైపు తిరిగి, “నువ్వెళ్ళు మేస్త్రీ. ఇయ్యాళ వద్దులే,” అంది. తుమ్మి తుమ్మి ఓపిక లేక అంటోంది కాబోలనుకున్నాను. మేస్త్రి మంచివాడు, వెళ్ళేముందు తువ్వాలు మూతికి కట్టుకుని వాకిలి పక్క పెట్టె వెనక చెక్క విప్పి, ఆ పత్తంతా చేటలోకి లాగి పెరట్లో పోసి వచ్చాడు. రెండోది కూడా విప్పుదామని నేను స్క్రూ తిప్పబోతే మావయ్య ఆపాడు.

“దాన్ని కదపమాక. అది బాగానే ఉంది.”

నా మీద జాలితో అన్నాడనుకున్నాను. ముఖం వాచిపోయి, ఎవరి కంటా పడకుండా వెనక సీటులో కూర్చుని నందిగామ వచ్చేశాను. ఆ వారమంతా తలగడ లేకుండా పడుకున్నాను.

మేస్త్రి మళ్ళీ రాలేదు. మిక్సీకి వంటింట్లో నాపరాయి అరుగు కట్టించారు. మావయ్య ముందుగదిలోకి మారిపోయాడు, సాయంత్రాలు పాటలు, నెమ్మదిగా మాటలు కూడా. నా పేరు మాత్రం బంధువర్గంలో స్థిరపడిపోయింది. ఏ పెళ్ళిలో కనపడినా “మేనమామను కారం పెట్టి ఏడిపించిన ఫిజిక్సు మేడం వచ్చింది” అనేవారు. నేనూ సిగ్గు విడిచి ఆ కథను అభినయంతో సహా చెప్పేదాన్ని. మావయ్య పక్కనే ఉంటే, “నాలుగు రోజులు మండినయ్యి కళ్ళు,” అని తనవంతు ఒక మాట అందించేవాడు. అందరూ నవ్వేవారు.

పద్దెనిమిదేళ్ళు గడిచాయి. స్పాంజి రింగు ఆయుష్షు అంతే, మళ్ళీ నలిగింది. మొన్న మావయ్య ఫోను చేసి, “గరగర మొదలైందే,” అంటే, పెట్టెలు రెండూ ట్రాలీ ఆటోలో నందిగామ తెప్పించాను. ఇప్పుడు నాకు బస్సు టిక్కెట్లు అక్కర్లేదు, బేరాలూ రంపాలూ లేవు, చెయ్యి దానంతటదే పోతుంది. వాకిలి పక్కది విప్పాను, ఆ తరవాత ఎప్పుడో నేనే సర్దిన శుభ్రమైన దూది ఉంది. రెండోది విప్పాను. లోపల, గలీబుతో సహా, నా తలగడ. చిలక వెలిసిపోయి నిజంగానే కోడిపెట్టలా తయారైంది. ముఖం దగ్గరికి తీసుకుని వాసన చూశాను. పాత టేకు వాసన, నేను అప్పట్లో రాసుకునే కొబ్బరినూనె వాసన. మిరపకాయ వాసన ఆవగింజంత కూడా లేదు.

అలాగే నేల మీద కూలబడ్డాను. ఈ పెట్టెలో కారం ఎప్పుడూ లేదు. మావయ్య కూర్చున్నది ఈ పెట్టె దగ్గర. అంతకంటే ముఖ్యం, ఆయన తువ్వాలు తీసింది డోలు రాకముందు. వీణా గొంతూ మాత్రమే ఉన్నప్పుడు గొట్టంలోంచి గాలే రాదు. ఏటా పాఠం చెప్పే మనిషిని, నాకు ఇంత లెక్క తేలడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఫోను చేశాను. “మావయ్యా, ఆ రోజు నీ పక్క పెట్టెలో కారం లేదు కదా?”

“లేదే. ఏడిచింది పాటకు కూడా కాదు,” అన్నాడు నెమ్మదిగా. “ఆ తలుపులు మా నాన్న రోజూ పొద్దున్నే తీసేవాడు. నేను కోసి పెట్టెలు కట్టా, బానే ఉంది. నా చేతుల్లోనే మూగబోయినయ్యి, అది ఎవరికీ చెప్పుకోలేకపోయా. ఆ రోజు చెక్క మీద చెయ్యి వేసుకున్నానా... లోపల్నించి అదిరింది. మేస్త్రి ముందు, పిన్నిగారి ముందు ఏడుపేంది? ఇంతలోకే నువ్వు కారం తెచ్చావ్. దేవుడు పంపినట్టు తెచ్చావ్.”

“మరి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం? పెళ్ళిళ్ళన్నిట్లో నన్ను నవ్వులపాలు చేశావు!”

“కథ బాగుందిగా. మీ అత్తయ్యక్కూడా తెలవదు. చెప్పమాక.”

ఫోను స్పీకరులో పెట్టి ఉన్నట్టుంది, వెనకనుంచి అత్తయ్య గొంతు వచ్చింది. “కారానికి ఏడిచే మనిషా ఈయన? యాభై ఏళ్ళబట్టి నా చేతి గొడ్డుకారం తింటన్నాడు, ఒక్కనాడన్నా కంట నీళ్ళు పెట్టాడా? నాకు ఆ రోజే తెలుసే అమ్మాయ్. తెలిసే మేస్త్రిని పొమ్మన్నా.”

ఆ తరవాత చాలాసేపు ఫోను ఎవరూ పెట్టెయ్యలేదు.

తలగడను వరండాలోకి తీసుకెళ్ళి దుమ్ము దులిపి, ఎండలో పెట్టి, మళ్ళీ అదే పెట్టెలో అదే చోట సర్దాను. కొత్త రింగు జిగురు ఆరేదాకా దాని పక్కనే పడుకున్నాను. ఆ వేళ బస్సు వెనక సీటులో వాచిన ముఖంతో, అంతా పాడుచేశానని ఏడుస్తూ వెళ్ళిన పిల్ల గుర్తొచ్చింది. ఇప్పుడైతే పక్కన కూర్చుని ఆ పిల్ల తల నిమిరి, నువ్వు చేసిన స్పీకరు మొదటి నిమిషంలోనే పలికిందే పిచ్చిదానా అని చెప్పేదాన్ని. నమ్మేది కాదనుకోండి. తుమ్ముతూ ఉండేది.